డాక్టర్‌గారు అడిగిన గడ్డాలు

ఆ వేసవిలో నేను నూట పది గడ్డాలు అతికించాను. అందులో అరవై దాకా, పొద్దున్నే నున్నగా గీసుకుని, టై కట్టుకుని, జేబురుమాలు మడతపెట్టుకుని వచ్చిన మనుషులకే అతికించాను. బ్యాంకు గుమాస్తాలు, ఒక కళ్ళ డాక్టరు, తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి గెంటివేయబడిన ఒక పెద్దాయన. అందరూ ప్రాగ్ యూదులే. కానీ యూదుల్లా లేరని డాక్టర్ ప్రాంట్‌నర్‌కి కోపం వచ్చింది. వాళ్ళని యూదుల్లా తయారుచెయ్యడం నా ఉద్యోగం.

డాక్టరంటే వైద్యుడు కాదు. బెర్లిన్ నుంచి దిగిన సినిమా దర్శకుడు. ఏం చదివాడో నాకు తెలియదు గానీ, పేరు ముందు ఆ ముక్క తగిలించకపోతే పలికేవాడు కాదు. నేను పన్నెండేళ్ళకే బడి మానేసి విగ్గుల కొట్లో చేరినవాణ్ణి. చదువుకున్నవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒక బెరుకు ఉండేది. ఆయన దగ్గర నాలుగు నెలలు పనిచేశాక అది పూర్తిగా పోయింది. ఆయన నాకు చేసిన మేలు అదొక్కటే.

అది 1940. జర్మన్లు మా ఊళ్ళోకి వచ్చి ఏడాది దాటింది. మే నెలలో ఒక పొద్దున ఆయన మేకప్ గదిలోకి వచ్చి, గోడకి ఐదు బొమ్మలు గుచ్చాడు. ఐదు ముఖాలు, ఐదు ముక్కులు. చేతిలో సన్నటి బెత్తం. మేం నలుగురం బల్లల దగ్గర నిలబడ్డాం. స్టూడియో మేనేజరు జెహ్లిచ్కా తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాడు మావాడే, చెక్. కానీ ఆ ఏడాది వాడు తుమ్మినా జర్మన్‌లోనే తుమ్మేవాడు.

"ఇతను పిసినారి," అన్నాడు డాక్టరు, బెత్తంతో కొడుతూ. "ఇతను కాళ్ళు పట్టుకునేవాడు. ఇతను మన ఆడపిల్లల వెంటపడేవాడు. ఇతను శపించే ముసలాడు. ఇక ఇతను అందరికన్నా ప్రమాదకరం. గడ్డం గీస్తాడు, మన బట్టలు వేస్తాడు, మన భాష మాట్లాడతాడు. మనలో కలిసిపోతాడు, ఎవరూ కనిపెట్టలేరు."

ఐదో బొమ్మ ముక్కు మిగతా నాలుగింటికన్నా పెద్దదిగా ఉంది.

"ఈయనకి కూడా ఇంత ముక్కు పెట్టాలా డాక్టర్‌గారూ?" అన్నాను.

"అవును."

"ఎవరూ కనిపెట్టలేరన్నారు కదా. ఇంత ముక్కేసుకుని ఎలా కలిసిపోతాడు?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "చూసేవాళ్ళకి తెలియాలి కదయ్యా."

"అంటే సినిమాలో ఉన్నవాళ్ళకి మాత్రం కనబడదన్నమాట."

జెహ్లిచ్కా గబగబా వచ్చి నా కాలు తొక్కాడు.

ఆ ఐదు వేషాల్లో నాలుగు క్వాస్ట్ అనే బెర్లిన్ నటుడే వేశాడు. బొద్దుగా, ఎర్రగా, కోటుకి నాజీ పార్టీ బిళ్ళ పెట్టుకుని తిరిగే మనిషి. ముక్కు మార్చుకుంటూ, గొంతు మార్చుకుంటూ ఒక్కడే నలుగురయ్యేవాడు. వాళ్ళంతా ఒకే మనిషని జనానికి లోలోపల అనిపించాలట, అదీ డాక్టరుగారి సిద్ధాంతం. శపించే ముసలాడికి గడ్డం ఎర్రగా ఉండి తీరాలని కూడా పట్టుబట్టాడు. సినిమా నలుపు తెలుపు. ఆ మాట అనడానికి నోరు తెరిచేసరికి జెహ్లిచ్కా మళ్ళీ నా కాలివైపు చూశాడు. ఊరుకున్నాను. ఎర్ర జుట్టు కోసం మూడు రోజులు ఊరంతా తిరిగాను.

గడ్డాలు నేను కట్టలేదు. మా మామయ్య కట్టాడు.

హుగో ఫాంటల్ నా భార్య ఇర్మాకి తండ్రి. అంతకన్నా ముందు నాకు పని నేర్పినవాడు. సన్నటి వలగుడ్డ మీద కొక్కెం సూదితో ఒక్కో వెంట్రుకా తీసి ముడివెయ్యడం నేను ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఇరవై ఆరేళ్ళు ఒపేరా వాళ్ళకి విగ్గులు కట్టాడు. యూదుడని ముందు ఏడాది తీసేశారు. అప్పటినుంచి మా ఇంట్లోనే ఉంటున్నాడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, చొక్కా కాలరు పెట్టుకుని, వెళ్ళడానికి చోటు లేక కిటికీ దగ్గర కూర్చునేవాడు. చేతులు ఊరుకునేవి కావు. బల్లగుడ్డ అంచు దారాలు పీకి ముడులు వేసేవాడు.

స్టూడియోలో నూట పది గడ్డాలు కావాలన్నప్పుడు నేను వలగుడ్డా జుట్టూ సంచిలో పెట్టి ఇంటికి తెచ్చాను. ఆయన పని చెయ్యకూడదు. తెలిస్తే ఆయన్ని పట్టుకెళ్ళేవాళ్ళు, బహుశా నన్ను కూడా. ఇర్మా కిటికీకి పలచటి తెర కట్టింది. "ఏ సినిమారా ఇది?" అని ఆయన అడిగితే, "సినిమా కాదు మామయ్యా, ఒపేరా. బైబిలు కథ. బ్రనో ఊళ్ళో వేస్తారట," అన్నాను.

ఆ అబద్ధం ఆయన్ని పదేళ్ళు చిన్నవాణ్ణి చేసింది. ఈలపాట పాడుతూ కట్టాడు. నాలుగు వారాల్లో నలభై గడ్డాలు. అలాంటి గడ్డాలు నేను మళ్ళీ చూడలేదు. చెంప దగ్గర పొగలా మొదలై, కింద నీళ్ళలా జారేవి.

డాక్టరు ఒకటి తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు. నేల మీదకి విసిరాడు.

"ఏమిటివి? ప్రవక్తల గడ్డాల్లా ఉన్నాయి! ఇవి పెడితే జనం టోపీలు తీసి దణ్ణం పెడతారు. నాకు చీమిడి కారే గడ్డాలు కావాలి. పేలు పాకాలి. అర్థమైందా?"

అర్థమైంది. నలభై గడ్డాల్నీ స్టూడియో వెనక పెరట్లోకి తీసుకెళ్ళాను. కొవ్వొత్తితో కొసలు కాల్చాను. పంది కొవ్వు పూసి చిక్కులు చేశాను. కొన్నిచోట్ల ముడులు పీకి బట్టతలలా చేశాను. మధ్యాహ్నానికల్లా డాక్టరుగారు నా భుజం తట్టాడు.

సాయంత్రం బంగాళాదుంపల పులుసు తింటూ మామయ్య అడిగాడు: "పాడేవాళ్ళు ఏమన్నార్రా?"

"బాగున్నాయన్నారు."

"మోషే వేషానికి పైపెదవి దగ్గర పలచగా కట్టాను. నోరు తెరిచినప్పుడు అడ్డం రాకూడదని. చూశారా ఎవరైనా?"

"చూశారు మామయ్యా. అదే చెప్పారు."

ఇర్మా నావైపు చూసింది. అది తెలివైన మనిషి. అయినా ఆ పూట అడగలేదు. తండ్రి ఈల ఆగిపోతుందని భయపడి ఉంటుంది.

జులైలో యూదుల గుడి దృశ్యం తియ్యాలన్నారు. అరవై మంది అసలు యూదులు కావాలని స్టూడియో నుంచి యూదుల సంఘానికి హుకుం వెళ్ళింది. యాభై దాటిన మగాళ్ళు. రాకపోతే ఏమవుతుందో కాగితంలో రాయలేదు, రాయక్కర్లేదు కూడా. నేను జెహ్లిచ్కా దగ్గరికి వెళ్ళాను.

"మా మామయ్య పేరు రాకుండా చూడు."

"ఇంత చిన్నదానికి బతిమాలతావేంటయ్యా? పేరు కొట్టేస్తాను, పో," అన్నాడు.

ఇర్మాకి అదే చెప్పాను. అది నా చెయ్యి పట్టుకుంది. "ఆయన ఆ గేటు దాటకూడదు బొహుష్. ఇంకేం జరిగినా సరే. అక్కడ నువ్వు చేసేదేంటో ఆయన చూశాడంటే మన ఇంట్లో ఇక మిగిలేదేం లేదు."

అంటే అప్పటికే దానికి తెలుసు.

మొదటి రోజు ముప్పై మంది వచ్చారు. డాక్టరుగారు వాళ్ళ వరస ముందు నుంచి చివరిదాకా నడిచాడు, మళ్ళీ వెనక్కి నడిచాడు.

"వీళ్ళెవరు? నేను యూదుల్ని అడిగాను."

"వీళ్ళే డాక్టర్‌గారూ," అన్నాడు జెహ్లిచ్కా.

"వీళ్ళు రైల్వే ఆఫీసువాళ్ళలా ఉన్నారు!"

"నేను రైల్వే ఆఫీసులోనే చేసేవాణ్ణండీ," అన్నాడు ముందు వరసలో ఒకాయన, డాక్టరుకన్నా మంచి జర్మన్‌లో.

కంటికి ఆనలేదని డాక్టరు క్వాస్ట్‌నీ, ఇంకో ఐదుగురు బెర్లిన్ నటుల్నీ ముందు వరసలో కలిపాడు. మిగతావాళ్ళకి ముక్కులూ గడ్డాలూ పెట్టెయ్యమన్నాడు. అందరూ ఒకేలా ఉండాలన్నాడు.

రెండో రోజు పదకొండింటికి నా కుర్చీలో ఎవరో కూర్చున్నారు. నేను జిగురు కలుపుతూ తల తిప్పకుండానే "గడ్డం పైకెత్తండి" అన్నాను. ఎత్తాడు. మామయ్య.

జెహ్లిచ్కా మరిచిపోయాడట. తర్వాత అడిగితే "అయ్యో, అవును కదూ!" అన్నాడు. అంతే, వాడికి పగ కూడా లేదు. ఉంటే కొంచెం గౌరవించేవాణ్ణి.

"పొద్దున నువ్వు వెళ్ళిపోయాక వచ్చి పిలిచారు," అన్నాడు మామయ్య మెల్లగా. చుట్టూ చూశాడు. గోడ మీద ఐదు బొమ్మలు. బల్ల మీద వరసగా మైనపు ముక్కులు. వెనకనుంచి "తొందరగా కానియ్!" అని అరుస్తున్నారు. ముక్కు పెట్టాను. పెట్టె తెరిచి చేతికందిన గడ్డం తీశాను.

ఆయన నా చేతిలోంచి అది లాక్కున్నాడు. తిరగేసి, వలగుడ్డ వెనక బొటనవేలితో తడిమాడు. గుడ్డివాళ్ళు ముఖం తడిమినట్టు.

"ఇది నా ముడి."

పైపెదవి దగ్గర పలచటి చోట వేలు ఆపాడు.

"ఇది మోషే గడ్డం. ఎవడ్రా దీన్ని తగలబెట్టింది?"

"నేనే మామయ్యా."

వేళ్ళకంటిన పంది కొవ్వు వాసన చూసుకున్నాడు. జేబురుమాలు తీసి ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. గడ్డం నా చేతిలో పెట్టి, తన గడ్డం పైకెత్తాడు.

"చెవి దగ్గర జిగురు ఎక్కువ పెట్టు. దీపాల వేడికి ఊడుతుంది," అన్నాడు.

పెట్టాను.

సెట్టు మీద వాళ్ళందరికీ చారల ప్రార్థన శాలువాలు కప్పారు. సగం మందికి తలకిందులుగా కప్పారు. కొవ్వొత్తులు, గొర్రె కొమ్ము బూరలు, గోడ మీద ఎక్కడివో అక్షరాలు. ఏ పండక్కి ఏది వాడతారో ఎవరికీ పట్టలేదు, అన్నీ ఒకే రోజు పెట్టారు. డాక్టరు నిచ్చెన మీద కూర్చుని గరాటాలాంటి బాకాలో అరిచాడు: "ఊగండి! మీ భాషలో గొణగండి! పాత శాపాలు, మంత్రాలు, మీరు రహస్యంగా చదువుకునేవి!"

అరవై మంది ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. మా మామయ్య ఏడాదికి రెండు రోజులు గుడికి వెళ్ళేవాడు, అది కూడా మధ్యలో లేచి బీరు తాగడానికి వచ్చేసేవాడు. మిగతావాళ్ళూ దాదాపు అంతే. ప్రార్థనలు తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. వాళ్ళు నోరు గట్టిగా మూసుకున్నారు.

"మొదలుపెట్టండి! మీ భాషలో!"

వెనక వరసల్లోంచి ఎక్కడో ఒక గొంతు లేచింది. లోతుగా, ఏడుపు రాగంలో. చెక్ భాషలో.

"ఓల్షనీ... ఫ్లోరా... వినోహ్రదీ..."

అవి మా ఇంటి దగ్గరినుంచి ఊళ్ళోకి వెళ్ళే ట్రాము ఆగే చోట్లు. ఆ గొంతు నేను ఇరవై ఏళ్ళుగా వింటున్న గొంతు.

"మ్యూజియం... ముందుకి జరగండి... దయచేసి ముందుకి జరగండి..."

ఇంకో గొంతు కలిసింది. తర్వాత పది. తర్వాత అరవై. ఊగుతూ, చేతులు ఎత్తుతూ, గుండెలు బాదుకుంటూ: "ముందుకి జరగండి! టికెట్టు చూపించండి! చార్లెస్ మైదానం! తలుపు దగ్గర నిలబడకండి!" ముందు వరసలో క్వాస్ట్, ఎర్ర గడ్డం ఊపుకుంటూ, ఒక్క ముక్కా అర్థంకాకుండా అందరికన్నా గట్టిగా అరిచాడు: "ముందుకి జరగండి!" దీపాలు పట్టుకున్న మా చెక్‌వాళ్ళు నేల చూపులు చూశారు. ఒకడు గుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. డాక్టరుగారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదీ! రెండు వేల ఏళ్ళ ద్వేషం వినబడుతోందా?" అన్నాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు మామయ్య నా కోసం ఆగలేదు. నేను వెళ్ళేసరికి కొక్కెం సూదులు ఒక గుడ్డలో చుట్టి అలమర పైన పెట్టేశాడు. సగం కట్టిన గడ్డం నా కుర్చీలో ఉంది.

"ఒపేరా అన్నావు ఆయనకి," అంది ఇర్మా.

"నిజం చెప్తే కట్టేవాడు కాదు."

"కట్టేవాడు కాదు. అవును."

"కట్టకపోతే నా పని పోయేది. స్టూడియో కాగితం ఉండబట్టే కదా మన ఇంటి తలుపు ఎవరూ తట్టకుండా ఉన్నది?"

"అది ఆయన తేల్చుకోవాల్సింది," అంది. "నువ్వు ఆయన చేతుల్ని ఆయనకి చెప్పకుండా వాడుకున్నావు."

ఆ సాయంత్రం మామయ్య తన పళ్ళెం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, నాకు వీపు పెట్టి తిన్నాడు. మర్నాడూ అంతే. ఇర్మా అడక్కుండానే ఒక పళ్ళెం బల్ల మీదా, ఒకటి కిటికీ అరుగు మీదా పెట్టడం మొదలుపెట్టింది. తను నిలబడి తినేది. 1942 వసంతంలో ఆయన్ని శిబిరాలకి తీసుకెళ్ళే తూర్పు రైలు ఎక్కించేదాకా ఆ ఏర్పాటు మారలేదు.

సినిమా నవంబరులో మా ఊరికి వచ్చింది. అప్పటికి మామయ్యలాంటివాళ్ళు ట్రాములో వెనక పెట్టెలోనే ఎక్కాలి, సినిమా హాల్లోకి అసలు రాకూడదు. నేనొక్కణ్ణే వెళ్ళాను. గుడి దృశ్యం వచ్చింది. వాయిద్యాలు గుండె దడ పుట్టించాయి. తెర నిండా కుళ్ళిన గడ్డాలు, ముక్కులు. "ఓల్షనీ... ఫ్లోరా..." పైనెక్కడో ఒక ఆడమనిషి కిసుక్కున నవ్వింది. క్వాస్ట్ చేతులెత్తి "ముందుకి జరగండి!" అనేసరికి ఎవడో చీకట్లోంచి "జరిగాం బాబూ, ఇంకెక్కడికి జరగమంటావు?" అన్నాడు. ఇక హాలు ఆగలేదు. సినిమా ఆపి, దీపాలు వెలిగించి తలుపులు మూశారు.

మూడో రోజు జెహ్లిచ్కా గదికి నన్ను పిలిచారు. లోపల డాక్టరుగారు మాసిన గుడ్డలా కూర్చుని ఉన్నాడు. పక్కన తోలుకోటు వేసుకున్న జర్మన్ రహస్య పోలీసు ఒకడు, కళ్ళజోడు మనిషి ఒకడు. అందర్నీ పట్టుకుంటే బెర్లిన్‌కి రాయాలి. రాస్తే, వాళ్ళు అంత గొప్పగా విడుదల చేసిన సినిమాలో ట్రాము కండక్టరు మాటలున్నాయని ఒప్పుకోవాలి. అందుకని గుట్టుగా ఒక్కడు కావాలి. మొదలుపెట్టినవాడు.

బల్ల మీద పెద్ద ఫోటో పరిచారు. కళ్ళజోడు మనిషికి ముఖాల శాస్త్రం తెలుసట. పెన్సిలు తీసి, ఎక్కువ ఆలోచించకుండా ఒక ముఖం చుట్టూ సున్నా చుట్టాడు.

"ఇతనే నాయకుడు. దవడ చూడండి, కింది పెదవి చూడండి. అచ్చమైన జాతి లక్షణాలు."

జెహ్లిచ్కా దగ్గాడు. డాక్టరు కిటికీలోంచి చూశాడు. ఎవరూ చెప్పేలా లేరు.

"ఆయన క్వాస్ట్‌గారండీ," అన్నాను. "మీ పార్టీ మనిషి."

తోలుకోటు మనిషి ఫోటోని నా వైపు తోశాడు. "అంత తెలిస్తే నువ్వే చూపించు. వీళ్ళ ముఖాలన్నీ నీ చేతి కిందే తయారయ్యాయి. వీళ్ళలో నీకు తెలిసినవాడు ఎవడు?"

వాడికి మామయ్య సంగతి తెలిసే అడిగాడో, ఊరికే అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోటో మీదకి వంగాను. ఏ ముఖం మీద నా చూపు ఆగకూడదో ముందు అది వెతుక్కోవాలనుకున్నాను, దాన్ని దాటించి చూడాలని. మొదటి వరస చూశాను. రెండోది, మూడోది, చివరిదాకా చూశాను. మళ్ళీ మొదటినుంచి చూశాను.

"తెలీదండీ," అన్నాను.

అతను నా కళ్ళలోకి చాలాసేపు చూశాడు. వాళ్ళకి అబద్ధం పట్టుకోవడం వచ్చు, అదే వాళ్ళ పని. నా ముఖంలో అతనికి ఏమీ దొరకలేదు.

"అందర్నీ ఒకేలా చెయ్యమన్నారు," అన్నాను డాక్టరువైపు చూపిస్తూ. "చేశాను."

"పో," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఇర్మా మెట్ల మీదే నిలబడి ఉంది.

"ఏమైంది?"

"వదిలేశారు. ఇక అడగరు."

"నాన్నని చూపించలేదు కదా?"

"లేదు."

లోపలికి వచ్చి తలుపు వేసి, నా భుజం మీద తల పెట్టింది. జులై తర్వాత అదే మొదటిసారి. కిటికీ దగ్గర మామయ్య పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాడు. ఇటు తిరిగాడు. అది కూడా జులై తర్వాత అదే మొదటిసారి.

"ఫోటో చూపించారా?"

"చూపించారు మామయ్యా. పెద్దది."

"నేను మూడో వరసలో ఉన్నాను, స్తంభం పక్కన. స్పష్టంగా పడ్డానా?"

అప్పుడు అబద్ధమాడి ఉండొచ్చు. ఆ వేసవంతా ఆడినవాణ్ణి, ఇంకొక్కటి ఎంత?

"తెలీదు," అన్నాను.

"తెలీదని వాళ్ళకి చెప్పావు, సరే. ఇప్పుడు నేను అడుగుతున్నాను."

"నిజంగానే తెలీదు మామయ్యా. రెండుసార్లు వెతికాను. మీరు నాకు కనబడలేదు."

ఆయన కాసేపు నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. పని చూపిస్తే తిరగేసి వెనక వైపు చూసేటప్పటి చూపు అది.

"అయితే పని వచ్చిందన్నమాట నీకు," అన్నాడు. కిటికీవైపు తిరిగి చెంచా తీసుకున్నాడు.

నా భుజం మీద బరువు మెల్లగా తగ్గింది. ఇర్మా తల తీసేసి, పులుసు వేడిచెయ్యడానికి వెళ్ళింది.